వంటల పుస్తకం నుంచి యంత్రనివేదిక దాకా: మానసిక ఆరోగ్య నిపుణుల కంప్యూటర్ మార్గదర్శక గ్రంథాల విశ్వసనీయత

వ్యాససంగ్రహం: మానసిక వైద్యులు, చికిత్సా మనోవిజ్ఞానవేత్తలు తమ వృత్తిలో కంప్యూటర్‌ను ఎలా వాడుకోవాలో చెప్పే మార్గదర్శక గ్రంథాలు అమెరికాలో 1980లలో వెలువడ్డాయి. వాటి మూలాలు 1950ల నాటి గణాంక ప్రాగుక్తి చర్చలో ఉన్నాయి. యంత్రాల వివరాలు పాతబడడం వల్ల ఈ గ్రంథాలకు కలిగిన లోపం స్వల్పమైనది. గణాంక పద్ధతికి లభించిన ఆధారాలను, నిపుణుడి అభిప్రాయాన్ని వల్లించే ప్రోగ్రాములకు ఆపాదించడం వల్ల కలిగిన లోపం గణనీయమైనది. మిన్నెసోటా బహుముఖ మూర్తిమత్వ శోధిక (ఎం.ఎం.పి.ఐ.) కంప్యూటరీకరణ చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం ఆ విషయాన్ని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: విశ్వసనీయత, సప్రమాణత, గణాంక ప్రాగుక్తి, ఎం.ఎం.పి.ఐ., కంప్యూటర్ నివేదిక, బార్నమ్ ప్రభావం, మార్గదర్శక గ్రంథం.

1. ఉపోద్ఘాతం

మనోవిజ్ఞాన, విద్యాశాస్త్ర పాఠ్యగ్రంథాలు ‘విశ్వసనీయత’, ‘సప్రమాణత’ అనే రెండు పారిభాషిక పదాలను వేర్వేరుగా నిర్వచిస్తాయి. ఒక పరీక్షను అదే వ్యక్తికి మళ్లీ ఇచ్చినప్పుడు ఫలితం నిలకడగా ఉంటే అది విశ్వసనీయమైన పరీక్ష. దేన్ని కొలుస్తానని చెప్పుకుంటుందో దాన్నే కొలిస్తే అది సప్రమాణమైన పరీక్ష. ప్రతిసారీ యాభై గ్రాములు తక్కువ చూపే త్రాసు శాస్త్రపరిభాషలో విశ్వసనీయమే గాని సప్రమాణం కాదు. లోకవ్యవహారంలో మాత్రం అలాంటి త్రాసును ఎవరూ విశ్వసనీయమనరు. అక్కడ ఆ మాటకు నమ్మదగినది అని అర్థం.

మానసిక ఆరోగ్య రంగంలోకి కంప్యూటర్ ప్రవేశించిన తీరును అర్థం చేసుకోవడానికి ఈ రెండు అర్థాల మధ్య దూరాన్ని గుర్తుంచుకోవాలి. ఒకే అంకెల వరుసను ఎన్నిసార్లు ఇచ్చినా కంప్యూటర్ ఒకే పేరాను ముద్రిస్తుంది. అది అలసిపోదు, విసుగు చెందదు, రోగిని బట్టి మాట మార్చదు. పారిభాషికార్థంలో దాని విశ్వసనీయత సంపూర్ణం. అయితే ఆ పేరా ఆ రోగి విషయంలో నిజమా కాదా అనేది వేరే ప్రశ్న. నిపుణుల కోసం వెలువడిన మార్గదర్శక గ్రంథాలు మొదటి అర్థంలోని విశ్వసనీయతను చూపి రెండో అర్థంలోని నమ్మకాన్ని ఎలా సంపాదించుకున్నాయన్నదే ఇక్కడి విచారణ. ఈ చరిత్ర ప్రధానంగా అమెరికాకు చెందినది. అందులోనూ చాలా భాగం మిన్నెసోటా అనే ఒక్క రాష్ట్రం చుట్టూ తిరుగుతుంది.

2. శోధిక, దాని ప్రమాణ సమూహం

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానవేత్త స్టార్క్ హాథవే, వైద్యుడు జె.సి. మెకిన్లే కలసి రూపొందించిన ఎం.ఎం.పి.ఐ. 1943లో ప్రచురితమైంది. ఇందులో 550 వేర్వేరు వాక్యాలు ఉండేవి. 16 వాక్యాలు పునరుక్తం కావడంతో తర్వాతి రూపంలో వాటి సంఖ్య 566 అయింది. పరీక్ష రాసే వ్యక్తి ప్రతి వాక్యానికి ‘అవును’ లేదా ‘కాదు’ అని గుర్తుపెట్టాలి. ఆ గుర్తులను కొన్ని మాపనులుగా లెక్కగట్టి ఒక రేఖాపటంగా గీస్తారు. ఈ రేఖాపటాన్నే ‘ప్రొఫైల్’ అంటారు. అందులో ఏ రెండు మాపనులు అన్నిటికన్నా ఎత్తున ఉన్నాయో చూసి రోగిని ఒక రకంలో చేర్చడం వాడుకలోకి వచ్చింది.

సాధారణ వ్యక్తుల సమాధానాలతో రోగుల సమాధానాలను పోల్చి ఈ మాపనులను నిర్మించారు. ఆ ‘సాధారణ వ్యక్తుల’లో అత్యధికులు మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆసుపత్రికి రోగులను చూడడానికి వచ్చిన బంధుమిత్రులు. వారి సంఖ్య సుమారు 700. వారిలో ఎక్కువమంది శ్వేతజాతీయులు, గ్రామాలు, చిన్న పట్టణాల వారు, సగటున ఎనిమిదేళ్ల చదువు చదివినవారు. 1989లో ఎం.ఎం.పి.ఐ.-2 వెలువడినప్పుడు గాని ఈ ప్రమాణ సమూహం మారలేదు. కొత్త సమూహంలో దేశంలోని పలు ప్రాంతాలకు చెందిన 2,600 మంది ఉన్నారు. అంటే, ఈ వ్యాసంలో పరిశీలిస్తున్న మొదటి పాతికేళ్ల కంప్యూటర్ నివేదికలన్నీ 1940 ప్రాంతంలో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనుషులతోనే ప్రతి రోగినీ పోల్చాయి. మార్గదర్శక గ్రంథాలలో ఈ విషయానికి దక్కిన చోటు చాలా తక్కువ.

3. మీల్ అడిగిన వంటల పుస్తకం

అదే విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ మీల్ 1954లో చికిత్సకుడి ప్రాగుక్తికి, గణాంక ప్రాగుక్తికి మధ్య పోటీని పరిశీలిస్తూ ఒక చిన్న గ్రంథం ప్రచురించారు. ఒక వ్యక్తి చికిత్సకు ఎలా స్పందిస్తాడు, చదువులో ఎలా రాణిస్తాడు, పెరోల్ మీద విడుదలైతే మళ్లీ నేరం చేస్తాడా అనే విషయాలను నిపుణుడు ఆలోచించి చెప్పడం ఒక పద్ధతి. అవే వివరాలను ముందే నిర్ణయించిన సూత్రంలో వేసి లెక్కగట్టడం మరొక పద్ధతి. అప్పటికి లభ్యమైన సుమారు 20 అధ్యయనాలను మీల్ పరిశీలించారు. దాదాపు అన్నిటిలోనూ సూత్రం నిపుణుడితో సమానంగానో, అంతకన్న మెరుగుగానో నిలిచింది.

రెండేళ్ల తర్వాత, 1956లో, ఆయన ‘అమెరికన్ సైకాలజిస్ట్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. దాని శీర్షికను తెలుగులో ‘కావలెను: ఒక మంచి వంటల పుస్తకం’ అని చెప్పుకోవచ్చు. పత్రికా ప్రకటన ధోరణిలో ఉన్న ఈ శీర్షిక వెనక గంభీరమైన ప్రతిపాదన ఉంది. ఫలానా రకం ప్రొఫైల్ వచ్చిన రోగులలో వాస్తవంగా ఏయే లక్షణాలు కనిపించాయో లెక్కించి పట్టికలు తయారుచేయాలి. తర్వాత అదే రకం ప్రొఫైల్ వచ్చిన వ్యక్తికి ఆ పట్టికలోని వర్ణనను వర్తింపజేయాలి. వంట పుస్తకంలో పాళ్లు చూసి వండినట్లే ఇదీ. ఒక గుమాస్తా చేయగల పనికి నిపుణుడి అమూల్యమైన సమయం ఎందుకని ఆయన వాదం. తన వాదానికి మద్దతుగా ఛార్లెస్ హాల్‌బోవర్ చేసిన డాక్టరేట్ పరిశోధనను ఉదాహరించారు. నాలుగు రకాల ప్రొఫైళ్లకు పట్టికలతో చేసిన వర్ణనలు, అవే ప్రొఫైళ్లను చదివి నిపుణులు రాసిన వర్ణనల కంటే చికిత్స చేస్తున్న వైద్యుల అంచనాకు దగ్గరగా వచ్చాయి.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటుంది. మీల్ కోరిన పుస్తకం ముద్రిత గ్రంథం. దానిలో నియమాలు బహిరంగంగా ఉంటాయి. ఏ నియమం ఏ రోగుల నుంచి వచ్చిందో పాఠకుడు చూడవచ్చు, తన ఆసుపత్రిలోని రోగుల మీద పరీక్షించవచ్చు, తప్పని తేలితే ప్రకటించవచ్చు. వాస్తవంగా జరిగింది కూడా అదే. ఫిలిప్ మార్క్స్, విలియం సీమన్ 1963లో 16 రకాల ప్రొఫైళ్లతో ఒక గ్రంథం వెలువరించారు. హెరాల్డ్ గిల్బర్‌స్టాట్, జాన్ డ్యూకర్ 1965లో 19 రకాలతో మరొకటి వెలువరించారు. రెండో గ్రంథానికి ఆధారం సైనికోద్యోగం చేసి వచ్చిన పురుష రోగులు. ఇతర ఆసుపత్రులలో ఈ పుస్తకాలను వాడి చూసిన పరిశోధకులకు ఒక విషయం త్వరగానే తెలిసివచ్చింది. తమ రోగులలో అత్యధికుల ప్రొఫైళ్లు ఆ గ్రంథాలలోని ఏ రకంలోనూ నిక్కచ్చిగా ఇమడలేదు. ఇమిడినవారు మూడింట ఒక వంతుకు మించలేదు. పుస్తకం తెరిచి ఉంది కనుకనే ఈ లోపం బయటపడింది. వంటల పుస్తకాల ఉద్యమం మందగించడానికి ఇదొక ప్రధాన కారణం. విచిత్రమేమిటంటే, కంప్యూటర్ ఉద్యమం సరిగ్గా ఆ కాలంలోనే పుంజుకుంది.

4. అదే వ్యాసంలోని మరో హెచ్చరిక

మీల్ 1956 నాటి వ్యాసంలోనే మరొక మాట ఉంది. ఎవరికైనా వర్తించే వర్ణనను ఫలానా రోగి వర్ణనగా నమ్మించే ధోరణికి ఆయన ‘బార్నమ్ ప్రభావం’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చారు. పీ.టీ. బార్నమ్ 19వ శతాబ్దపు అమెరికన్ సర్కస్ ప్రదర్శకుడు. అందరికీ ఎంతో కొంత నచ్చే సరుకు అమ్మడంలో ఆరితేరినవాడు. ఈ పేరు పెట్టిన ఘనతను మీల్ తన సహచరుడు డొనాల్డ్ పాటర్సన్‌కు ఇచ్చారు.

దీనికి ప్రయోగాత్మక ఆధారం అంతకుముందే ఉంది. బెర్‌ట్రామ్ ఫోరర్ 1949లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది విద్యార్థులకు మూర్తిమత్వ పరీక్ష ఇచ్చి, వారం తర్వాత ఎవరి వర్ణనను వారికి అందించారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన. దానిలోని వాక్యాలలో చాలా భాగం అంగడిలో దొరికే జ్యోతిష పుస్తకం నుంచి తీసుకున్నవి. తమ వర్ణన ఎంత సరిగా ఉందో సున్నా నుంచి అయిదు వరకు అంకె వేయమన్నప్పుడు విద్యార్థులు ఇచ్చిన అంకెల సగటు 4.26. వారపత్రికల్లో రాశిఫలాలు చదివే అలవాటున్న తెలుగు పాఠకుడికి ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

కంప్యూటర్ నివేదికలకు ఇది నేరుగా వర్తిస్తుందని 1972లో జె.డబ్ల్యూ. ఓడెల్ చూపించారు. విద్యార్థులకు వారి వారి సమాధానాల ఆధారంగా కంప్యూటర్ ముద్రించిన నివేదికను, ఎవరికైనా సరిపోయే వర్ణనను ఇచ్చినప్పుడు వారు రెండోదే తమకు ఎక్కువగా సరిపోయిందన్నారు. నివేదిక చదివిన వ్యక్తి గాని, అతనికి చికిత్స చేసే వైద్యుడు గాని ‘ఇది సరిగ్గా ఉంది’ అనడం సప్రమాణతకు నిదర్శనం కాదని దీని సారాంశం. అయినా వినియోగదారుల సంతృప్తి సర్వేలను సప్రమాణతకు ఆధారంగా చూపే పద్ధతి ఆ తర్వాత కూడా కొనసాగింది. మీల్ వ్యాసంలోని మొదటి సగం ఈ రంగానికి ఆదర్శమైంది. రెండో సగం ఉపోద్ఘాతాలలో ప్రస్తావనకు పరిమితమైంది.

5. నియమం యంత్రంలోకి వెళ్లింది

మిన్నెసోటాలోని రాచెస్టర్ పట్టణంలో ఉన్న మేయో క్లినిక్‌కు వచ్చే శారీరక రోగుల సంఖ్య అపారం. వారిలో మానసిక సమస్యలున్నవారిని గుర్తించడానికి తగినంతమంది మనోవిజ్ఞానవేత్తలు లేరు. ఈ అవసరం నుంచి 1960ల ఆరంభంలో ఎం.ఎం.పి.ఐ.కి తొలి కంప్యూటర్ వ్యాఖ్యాన పద్ధతి పుట్టింది. రోగి తన సమాధానాలను ఐ.బి.ఎం. కార్డుల మీద పెన్సిలుతో గుర్తుపెట్టేవాడు. యంత్రం మాపనులను లెక్కగట్టి, ఒక్కొక్క మాపని ఎత్తును బట్టి ముందే రాసిపెట్టిన వాక్యాలను ముద్రించేది. వైద్యుడికి ఇది ప్రాథమిక వడపోత మాత్రమేనని రూపకర్తలు భావించారు.

అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన రేమండ్ ఫౌలర్ రూపొందించిన పద్ధతి ఇంతకన్న విస్తృతమైనది. రోష్ ఔషధ సంస్థ ఆధ్వర్యంలో 1965 నుంచి ఇది దేశవ్యాప్తంగా తపాలా సేవగా నడిచింది. మానసిక వైద్యుడు జవాబు పత్రాన్ని పంపితే కొన్ని రోజులలో కొన్ని పేజీల కథన రూపంలో నివేదిక తిరిగి వచ్చేది. 1980ల ఆరంభం వరకు ఈ సేవ లక్షల సంఖ్యలో నివేదికలు పంపింది. 1966లోనే అమెరికన్ మనోవిజ్ఞాన సంఘం ఇలాంటి సేవలకు తాత్కాలిక ప్రమాణాలు ప్రకటించవలసి వచ్చిందంటే వ్యాప్తి వేగం ఊహించవచ్చు.

ఈ ప్రోగ్రాములలోని వాక్యాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది ప్రధానమైన ప్రశ్న. కొన్ని పరిశోధన ఫలితాల నుంచి వచ్చాయి. చాలా వాక్యాలు మాత్రం అనుభవజ్ఞుడైన నిపుణుడు ఆ ప్రొఫైల్‌ను చూసి చెప్పే మాటలే. జెర్రీ విగ్గిన్స్ 1973లో ప్రచురించిన గ్రంథంలో ఈ తేడాను స్పష్టం చేసి, ఇలాంటి వాటిని యాంత్రీకరించిన చికిత్సక ప్రాగుక్తి అని వర్గీకరించారు. మీల్ సేకరించిన ఆధారాలు లెక్కగట్టిన పట్టికలకు సంబంధించినవి. నిపుణుడి నోటిమాటను యంత్రంలో పెట్టి వల్లింపజేస్తే ఆ మాటకు లెక్క ఆధారం సమకూరదు. ఆ నిపుణుడి తప్పులు కూడా నూటికి నూరుపాళ్ల నిలకడతో పునరావృతమవుతాయి.

గణాంక పద్ధతి ఆధిక్యం తర్వాత కూడా నిలిచింది. విలియం గ్రోవ్ బృందం 2000లో 136 అధ్యయనాలను సమీక్షించినప్పుడు యాంత్రిక ప్రాగుక్తి సగటున సుమారు 10 శాతం ఎక్కువ కచ్చితంగా ఉందని తేలింది. కాబట్టి లెక్కను నమ్మడంలో తప్పులేదు. ముద్రితమైన ప్రతి వాక్యాన్నీ లెక్కగా భావించడమే తప్పు.

ఇదే కాలంలో సంభాషించే యంత్రాల మీద కూడా అంచనాలు పెరిగాయి. జోసెఫ్ వైజెన్‌బామ్ మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రూపొందించిన ‘ఎలైజా’ ప్రోగ్రాము వివరాలు 1966లో ప్రచురితమయ్యాయి. అదే ఏడాది మానసిక వైద్యుడు కెనెత్ కోల్బీ తన సహచరులతో కలసి, ఒక కంప్యూటర్ వ్యవస్థ గంటకు కొన్ని వందల రోగులతో సంభాషించగలదని ఊహించారు. రోగి మాటలను తిరగేసి ప్రశ్నగా మార్చడం తప్ప తన ప్రోగ్రాముకు ఏ అవగాహనా లేదని తెలిసిన వైజెన్‌బామ్‌కు ఈ ఆశలు కలవరం కలిగించాయి. 1976లో ఆయన రాసిన గ్రంథం ఆ కలవరానికి ఫలితం. మరోవైపు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వార్నర్ స్లాక్, జాన్ గ్రీస్ట్ బృందాలు ఇంతకన్న నిరాడంబరమైన పని చేశాయి. రోగి పూర్వచరిత్రను కంప్యూటర్ ప్రశ్నావళితో సేకరించడం, తెరమీది ప్రశ్నకు రోగులు దాపరికం లేకుండా సమాధానమిస్తారా అని పరీక్షించడం వారి లక్ష్యం. పరీక్షకు నిలిచే చిన్న ప్రతిపాదనలు కనుక ఈ కృషి ఎక్కువకాలం నిలిచింది. మార్గదర్శక గ్రంథాలలో మాత్రం ఎలైజా కథకే ఎక్కువ ప్రాచుర్యం.

6. బల్లమీది యంత్రం, చేతిలోని గ్రంథం

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటర్ విపణిలోకి వచ్చింది. అంతవరకు తపాలా ద్వారా జరిగిన పని మానసిక వైద్యుడి బల్లమీదికి చేరింది. ఏ యంత్రం కొనాలి, ఎంత జ్ఞాపకశక్తి కావాలి, ఏ ప్రింటర్ మేలు, బిల్లులు ఎలా రాయాలి, పరీక్షలు ఎలా నిర్వహించాలి అనే ప్రశ్నలకు వృత్తిశిక్షణలో సమాధానం లేదు. ఆ ఖాళీని పూరించడానికి మార్గదర్శక గ్రంథాలు వచ్చాయి. మార్క్ ష్వార్ట్జ్ సంపాదకత్వంలో 1984లో వెలువడిన సంకలనం వీటిలో ముందువరుసలోనిది. అదే ఏడాది శామ్యూల్ క్రగ్ సంపాదకత్వంలో ‘సైక్‌వేర్’ అనే ఉత్పత్తుల సూచిక వచ్చింది. 1987లో జేమ్స్ బుచర్ సంపాదకత్వంలో కంప్యూటర్ ఆధారిత మానసిక మదింపుపై వృత్తినిపుణుల మార్గదర్శిని వెలువడింది.

ఇలాంటి పుస్తకాలను నేడు తెరిస్తే ముందుగా కంటికి కనిపించేది పాతదనం. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ డిస్కులు, కిలోబైట్లలో లెక్కించిన జ్ఞాపకశక్తి, కనుమరుగైన కంపెనీల పేర్లు హాస్యాస్పదంగా తోస్తాయి. ఈ పాతదనాన్ని లోపంగా లెక్కించడం న్యాయం కాదు. యంత్రం గురించిన సలహా అయిదేళ్లలో చెల్లదని రచయితలకూ తెలుసు, పాఠకులకూ తెలుసు. పనిచేయని యంత్రం తన వైఫల్యాన్ని తానే చాటుతుంది. పనిచేయని వ్యాఖ్యానం అలా కాదు. అది చక్కని వాక్యాలతో, సరైన విరామచిహ్నాలతో ముద్రితమవుతుంది.

అందువల్ల ఈ గ్రంథాలను అంచనా వేయడానికి సరైన స్థానం పరీక్షల వ్యాఖ్యానానికి కేటాయించిన అధ్యాయాలు. ఇక్కడ రెండు సంప్రదాయాలను పోల్చి చూడాలి. ఆస్కార్ బ్యూరోస్ 1938లో ప్రారంభించిన ‘మెంటల్ మెజర్‌మెంట్స్ ఇయర్‌బుక్’ పరీక్షలను స్వతంత్ర సమీక్షకులకు ఇచ్చి విమర్శ రాయించేది. 1978 నాటి ఎనిమిదో సంపుటంలో ఎం.ఎం.పి.ఐ. కంప్యూటర్ సేవలు కూడా సమీక్షకు వచ్చాయి. ‘సైక్‌వేర్’ వంటి సూచిక ధ్యేయం వేరు. ఏ ఉత్పత్తి ఏం చేస్తుంది, ఎక్కడ దొరుకుతుంది అన్నది చెప్పడమే దాని పని. విమర్శ దాని బాధ్యత కాదు. సూచికగా అది ఉపయోగకరమైనదే. కాని కొనుగోలుదారుడికి ఈ రెంటికీ తేడా చెప్పేవారు లేనప్పుడు, జాబితాలో ఉండడమే యోగ్యతాపత్రం అవుతుంది.

మూడో స్థితి మరింత సున్నితమైనది. బుచర్ ఎం.ఎం.పి.ఐ. పరిశోధనలో అగ్రశ్రేణి పండితుడు. 1982లో వెలువడిన ‘మిన్నెసోటా రిపోర్ట్’ అనే కంప్యూటర్ వ్యాఖ్యాన పద్ధతి రూపకర్త కూడా ఆయనే. ఆ రంగంలో ప్రోగ్రాము రాయగల పాండిత్యం, మార్గదర్శిని రాయగల పాండిత్యం ఒకే కొద్దిమంది దగ్గర ఉండేవి. ఇందులో దురుద్దేశాన్ని వెదకనక్కరలేదు. వ్యాకరణం రాసినవారే దానికి వ్యాఖ్యానం కూడా రాస్తే ఆ వ్యాఖ్యానం విలువైనదే అవుతుంది గాని, అది స్వతంత్ర పరిశీలన కాదు. ఈ తేడాను పాఠకుడు గుర్తించే ఏర్పాటు ఆ ప్రచురణ వ్యవస్థలో లేకపోయింది. నిపుణుడి నియమాలు వాణిజ్య రహస్యం కావడంతో ఇతరులు పరీక్షించే దారి కూడా మూసుకుపోయింది. మార్క్స్, సీమన్ గ్రంథాన్ని నాలుగేళ్లలో ఎవరైనా తప్పుపట్టగలిగారు. ప్రోగ్రామును తప్పుపట్టాలంటే ముందు దాన్ని తెరవాలి.

7. 1983-1991: వివాదం, దాని ఫలితం

జోసెఫ్ మటరాజో 1983లో ‘సైన్స్’ పత్రికలో సంపాదకీయం రాస్తూ కంప్యూటర్ మానసిక పరీక్షల విచ్చలవిడి వాడకం ప్రమాదకరమని హెచ్చరించారు. 1986లో ‘అమెరికన్ సైకాలజిస్ట్’లో ఆయన రాసిన వ్యాసం శీర్షికలోనే తీర్పు ఉంది. ఆ నివేదికలు సప్రమాణత నిరూపించుకోనివి, పైగా వాటిలో అంతా సగటే గాని విచలనం లేదని దాని భావం. సంఖ్యాశాస్త్రం తెలిసినవారికి ఈ విమర్శ బలం వెంటనే తెలుస్తుంది. ఒక రకం ప్రొఫైల్ ఉన్న వెయ్యిమంది సగటు వర్ణనను నివేదిక ఒక్క వ్యక్తికి అంటగడుతుంది. ఆ వ్యక్తి సగటుకు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పదు. నివేదిక కింద ఎవరి సంతకమూ ఉండదన్నది మటరాజో మరొక అభ్యంతరం. సంతకం లేని చోట బాధ్యత కూడా లేదు.

ఫౌలర్, బుచర్ అదే ఏడాది అదే పత్రికలో బదులిచ్చారు. వారి శీర్షిక ఆయన శీర్షికను తిరగేసింది. మటరాజో వాదనలో అంతా విచలనమే గాని అర్థం లేదని వారి చమత్కారం. (ఆంగ్లంలో సగటును, అర్థాన్ని సూచించే మాటలు ఒకేలా ధ్వనించడం వల్ల ఈ శ్లేష సాధ్యమైంది.) నివేదిక ఒక నిపుణుడు మరొక నిపుణుడికి ఇచ్చే సంప్రదింపు వంటిదని, నిపుణులు చేతితో రాసే వ్యాఖ్యానాలకు మాత్రం సప్రమాణత ఎవరు నిరూపించారని వారి వాదం. రెండో ప్రశ్నకు మటరాజో పక్షం వద్ద గట్టి సమాధానం లేదు. ఈ వివాదంలో పాల్గొన్న ఫౌలర్ 1988లో, మటరాజో 1989లో అమెరికన్ మనోవిజ్ఞాన సంఘానికి అధ్యక్షులయ్యారు. అంటే ఇది అంచున జరిగిన కలహం కాదు, వృత్తి నడిబొడ్డున జరిగినది.

ఆ సంఘం 1986లో కంప్యూటర్ పరీక్షలకు, వ్యాఖ్యానాలకు మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. వ్యాఖ్యానాలకు ఆధారమేమిటో ఉత్పత్తిదారు తెలపాలని, నిపుణుడు నివేదికను తన వివేచనతో కలిపి మాత్రమే వాడాలని అవి సూచించాయి. పండిత సమీక్ష చేసే అర్హులకు వ్యవస్థను పరిశీలించే అవకాశం కల్పించాలని, వాణిజ్య రహస్యాలు వెల్లడించవలసివస్తే గోప్యతా ఒప్పందం రాయించుకోవచ్చని కూడా చెప్పాయి. ఈ చివరి నిబంధన ఒక రాజీ. తలుపు తెరిచారు, కాని లోపలికి వెళ్లినవాడు చూసినదంతా బయట చెప్పకూడదు. ప్రచురణే ప్రాణమైన పరిశోధకుడికి అలాంటి ప్రవేశం వల్ల ప్రయోజనం పరిమితం.

నియమాలు చూడలేకపోయినా ఫలితాలను పోల్చవచ్చు. లొరెయిన్ ఐడ్, డెన్నిస్ కోవల్, ఫ్రాన్సిస్ ఫిష్‌బర్న్ వాల్టర్ రీడ్ సైనిక వైద్యకేంద్రానికి చెందిన రోగుల ప్రొఫైళ్లను ఏడు ఎం.ఎం.పి.ఐ. వ్యాఖ్యాన సేవలకు ఇచ్చి, వచ్చిన నివేదికలను వాక్యం వాక్యంగా నిపుణులచేత అంచనా వేయించారు. 1991లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో ఒకే రోగికి వేర్వేరు సేవలు ఇచ్చిన నివేదికల కచ్చితత్వం, సందర్భశుద్ధి ఒకేలా లేవు. కాబట్టి ‘కంప్యూటర్ వ్యాఖ్యానం’ అనే ఒకే వస్తువు లేదు. ఏ నిపుణుడి వ్యాఖ్యానం అన్నదే అసలు ప్రశ్న. మార్గదర్శక గ్రంథాలు సేవలను ఒక వర్గంగా సిఫారసు చేసినప్పుడు ఈ తేడాలు కనుమరుగయ్యాయి.

8. అంతర్జాల దిగ్దర్శినులు

1990ల మధ్యలో గ్రంథాల స్వరూపం మారింది. మానసిక ఆరోగ్య సమాచారం అంతర్జాలంలో ఎక్కడ దొరుకుతుందో చెప్పే దిగ్దర్శినులు వెలువడ్డాయి. జాన్ గ్రోహోల్ 1997లో ప్రచురించిన గ్రంథం వీటిలో పేరొందినది. గూగుల్ సంస్థ 1998లో ఏర్పడింది కనుక, ఆ నాటికి సమాచారాన్ని వెదకడమే ఒక విద్య. ఈ గ్రంథాన్ని పలుమార్లు సవరించి పునర్ముద్రించారు. అలా చేయక తప్పని పరిస్థితిని వాలెస్ కోహ్లర్ అధ్యయనం చూపిస్తుంది. 1996 డిసెంబరులో ఎంచుకున్న 361 వెబ్ పుటలను ఆయన ఏళ్లతరబడి గమనించారు. సుమారు రెండేళ్లలో సగం మాయమయ్యాయి. ఆరేళ్ల తర్వాత మిగిలినవి మూడో వంతు. చిరునామాల పుస్తకం అచ్చయ్యేలోపే పాతబడుతుంది. అయితే పైన ష్వార్ట్జ్ కాలపు యంత్రాల గురించి చెప్పినదే దీనికీ వర్తిస్తుంది. తెరుచుకోని పుట పాఠకుడిని మోసగించదు. మంచి పుటను చెడ్డ పుట నుంచి వేరుచేసే ప్రమాణాలను పాఠకుడికి నేర్పిన అధ్యాయాలు మాత్రం చిరునామాలు చెల్లకపోయినా చెల్లుతాయి.

9. గోప్యత, భాష

రోగి వివరాల గోప్యత విషయంలో తొలి గ్రంథాలు ఫ్లాపీని బీరువాలో పెట్టి తాళం వేయమన్నంత సరళంగా ఆలోచించాయి. నాటి డాస్ వ్యవస్థలో ఫైలును చెరిపేసినా డిస్కు మీది సమాచారం వెంటనే పోదు. మరొక ఫైలు దానిపై రాసేవరకు దాన్ని తిరిగి తీయవచ్చు. ఆ డిస్కును పారేసిన లేదా అమ్మిన వైద్యుడికి ఇది తెలియకపోతే తాళం వల్ల ప్రయోజనం లేదు. అమెరికాలో 1996 నాటి ఆరోగ్యబీమా చట్టం కింద రూపొందిన గోప్యతా నిబంధనలు 2003 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాక, అంతవరకు సలహాగా ఉన్నది చట్టబద్ధమైన విధి అయింది. పాత గ్రంథాలను అనుసరించినవారికి ఇది నిజమైన చిక్కు. భారతదేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం గోప్యతా హక్కు ఎలక్ట్రానిక్, డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికి కూడా వర్తిస్తుంది. అందువల్ల ఇక్కడి గ్రంథాలయాలలోని అమెరికన్ మార్గదర్శినులలో గోప్యత అధ్యాయాన్ని చారిత్రక పత్రంగా మాత్రమే చదవాలి.

తెలుగు రాష్ట్రాల పరిశోధకుడికి ఇంతకన్న ముఖ్యమైనది ప్రమాణ సమూహం ప్రశ్న. ఒక శోధికను తెలుగులోకి అనువదించడం, అనువాదం సరిగా ఉందో లేదో చూడడం ఒక పని. తెలుగువారి సమాధానాలతో ప్రమాణాలు నిర్మించడం మరొక పని. కంప్యూటర్ నివేదికలోని ప్రతి వాక్యం వెనక మూడో పని కూడా ఉండాలి. ఈ అంకె వచ్చిన తెలుగు రోగులలో ఆ వాక్యం ఎంతమందికి వర్తించిందో లెక్కించడమే ఆ పని. మొదటి పని పూర్తికాగానే మూడోది కూడా అయిపోయినట్లు నివేదిక ముద్రితమవుతుంది. మార్క్స్, సీమన్ పట్టికలు అమెరికాలోనే ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి వెళ్లేసరికి మూడింట రెండు వంతుల రోగులకు వర్తించకపోవడాన్ని ఇక్కడ మరచిపోరాదు.

10. తెరిచిన నివేదిక

2008లో యోసెఫ్ బెన్-పొరాత్, ఆకే టెలెజెన్ ఈ శోధికను 338 వాక్యాలతో పునర్నిర్మించి ఎం.ఎం.పి.ఐ.-2-ఆర్.ఎఫ్. పేరుతో వెలువరించారు. దాని కంప్యూటర్ వ్యాఖ్యాన నివేదికలో ఒక మార్పు ఉంది. నివేదికలోని వ్యాఖ్యాన వాక్యాలకు చివర సూచికలు జతచేశారు. ఆ వాక్యం ఏ మాపని అంకె మీద ఆధారపడిందో సూచిక చెబుతుంది. దానితోపాటు, వాక్యం రోగి ఇచ్చిన సమాధానాల నుంచి నేరుగా వచ్చిందా, పరిశోధనలో తేలిన సహసంబంధం నుంచి వచ్చిందా, లేక రూపకర్తల అనుమానమా అని మూడు వర్గాలుగా విడదీసి చూపుతుంది. సహసంబంధానికి ఆధారమైన పరిశోధనలను కూడా పేర్కొంటుంది. మూడో వర్గానికి చెందిన వాక్యాలు మేయో క్లినిక్ కాలం నుంచి ప్రతి నివేదికలోనూ ఉన్నాయి. వాటి పక్కన ఇది మా అనుమానం అని రాయడం మాత్రం అంతవరకు ఆనవాయితీ కాదు.